గంజాము మండలమున క్షేత్రపరిశోధన: అడిగినవారు, చెప్పినవారు

సమాజమును గూర్చి వ్రాయువారు రెండు తెఱగుల వారు. కచేరి దస్త్రములను, శాసనములను, అచ్చుపుస్తకములను ముందిడుకొని వ్రాయువారు కొందఱు. ఆ మనుష్యుల నడుమకు పోయి, వారి యరుగుల మీద గూర్చుండి, వారి మాట చెవినిడి వ్రాయువారు మఱికొందఱు. ఈ రెండవ తెఱగునకే క్షేత్రపరిశోధన యని పేరు. దీనికి ఆద్యుడెవరని యడిగినచో పాఠ్యగ్రంథములన్నియు మాలినోవ్‌స్కీ పేరే చెప్పును. ఆయన మొదటి ప్రపంచయుద్ధ కాలమున పసిఫిక్ సముద్రములోని ట్రోబ్రియాండ్ దీవులలో నివసించి, అచ్చటి భాష నేర్చి, 1922లో తన గ్రంథమును ప్రకటించెను. ఆయన ఘనతను తగ్గించుట నా యుద్దేశము కాదు. కాని ఆ దీవులలో ఆయన గుడారము వేయుటకు సుమారిరువది యేండ్లకు ముందే మన పర్లాకిమిడిలో ఒక తెలుగు బడిపంతులు సవర మాటలను విని వ్రాసికొనుచుండెను. ఆ సంగతి సామాజికశాస్త్ర విద్యార్థులకు ఎవ్వరును చెప్పరు. గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు వాడుక భాషోద్యమ నాయకులనియే మనము చదువుకొంటిమి. పరిశోధన పద్ధతులలో ఆయనకు గల స్థానమును ఎవ్వరును విచారింపలేదు.

ఆ విచారణకు గంజాము కంటె అనువైన చోటు లేదు. 1936 వఱకు మద్రాసు రాజధానిలో చేరియుండిన పాత గంజాము మండలమున కోస్తా, మైదానము, మన్యము మూడును గలవు. బరంపురమున తెలుగు సాలెలు, ఒడియా వర్తకులు ఒక్క బజారులో మెలగుదురు. పడమటి కొండలలో కొందులును, దక్షిణపు కొండలలో సవరలును గలరు. నూట ఎనుబది యేండ్లుగా ఈ ప్రాంతమునకు పరిశీలకులు వచ్చుచునే యున్నారు. వచ్చినవారు ఏ భాషలో అడిగిరి, ఎవరి నోట విన్నారు, ఎంతకాలముండిరి, విన్నదానిని ఏమి చేసిరి అను ప్రశ్నలతో వారి పనిని పరీక్షించుటయే ఈ వ్యాసము యొక్క యుద్దేశము.

మొదట వచ్చినది సైన్యము. 1835–37 నాటి ఘుమసరము యుద్ధములో కుంఫిణీ సేనలు కొందు దేశములో ప్రవేశించెను. ఆ సందర్భమున భూమి కొలతకు నియుక్తుడైన మాక్ఫర్సన్ దొర కొందుల మతాచారములపై ఒక నివేదిక సిద్ధపఱచెను. 1842లో అది కలకత్తాలో అచ్చుపడెను. మాక్ఫర్సన్ వ్రాతలలో కొందుల దేవతలు బూరా పెన్ను, తారీ పెన్ను అను రెండు పక్షములుగా నిలిచిరి. ఆ దేవతల ననుసరించి కొందులును రెండు శాఖలుగా చీలిరి. చదువుటకు ఎంతో సొగసుగా నుండును. ఆ సొగసే అనుమానమునకు తావిచ్చినది. తరువాతి పరిశీలకులు అనేకులు ఇంత తీర్చిదిద్దిన మతసిద్ధాంతము కొందు పల్లెలలో ఉన్నదా యని సందేహించిరి. మాక్ఫర్సనుకు కుయీ భాష రాదు. ప్రశ్న దుబాసీ నోట కుయీలోనికి దిగి, జవాబు దుబాసీ నోటనే పైకి వచ్చినది. నడుమ నున్న దుబాసీ చదువుకొన్నవాడు. తెగని మాటలను ముడివేసి, పొందికలేని చోట పొందిక కల్పించి చెప్పుట చదువుకొన్నవాని స్వభావము. అడిగినవాడు అధికారి, చెప్పినవాడు ఓడినవాడు అను సంగతిని కూడ మఱువరాదు. నరబలిని మాన్పుటకు 1845లో ఏర్పడిన మెరియా ఏజెన్సీకి మాక్ఫర్సనే తొలి ఏజెంటు. ఇట్టి విచారణలో జవాబు చెప్పువాడు దొరకు ఏది కావలెనో దానిని ముందుగా ఊహించుకొనును.

తరువాతి తరమువాడు ఎడ్గర్ థర్‌స్టన్. మద్రాసు మ్యూజియము అధ్యక్షుడుగా నుండి, రంగాచారి గారి సాయముతో 1909లో దక్షిణ హిందూదేశపు కులములను గూర్చి ఏడు సంపుటములు వెలువఱచెను. నేటికిని మనలో ఎవరైన తమ కులచరిత్ర వ్రాయదలచినచో మొదట తెఱచునది ఆ సంపుటములనే. మండలాధికారుల లేఖలు, పూర్వ గ్రంథముల ఖండికలు, ముక్కుల పొడవు వెడల్పుల కొలతలు అందు అక్షరక్రమమున పేర్చియున్నవి. సవరలను గూర్చి 1888లో ఫాసెట్టను పోలీసు అధికారి ప్రకటించిన వ్యాసమును అందు విరివిగా వాడుకొనిరి. ఇది సేకరణ, దీని యుపయోగమును కాదనలేము. కాని ఎవడో ఒక తాలూకా యుద్యోగి ఒక యూర విన్న మాట, గ్రంథమున కెక్కిన పిమ్మట, ఆ కులము వారందఱి యాచారమైపోయినది. ముక్కు కొలతకు దుబాసీతో పనిలేదు గనుక అది నిర్దుష్టమని ఆ కాలమువారు నమ్మిరి. ఆ కొలతల మీద కట్టిన జాతిసిద్ధాంతములన్నియు తరువాత కూలినవి; ఆ సంపుటములలో నేటికిని పనికివచ్చునవి, ఎవరో ఎక్కడనో శ్రద్ధగా విని వ్రాసిన పేరాలు మాత్రమే.

ఇక గిడుగు వారి యొద్దకు వత్తము. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిరి, 1911లో విరమించిరి. ఆయనను సవరల యొద్దకు పంపినవారు లేరు. ఏ విశ్వవిద్యాలయమును, ఏ సర్కారును పనిని నియమింపలేదు. సంతకు దిగివచ్చు సవరలను చూచి, వీరికి వీరి భాషలోనే చదువు చెప్పవలెనన్న కోరిక పుట్టి, తెలుగును సవరయు వచ్చిన మనిషినొకనిని ఇంటనే పెట్టుకొని నేర్చుకొనిరి. తరువాత మన్యమున తిరిగిరి. అచ్చటి విషజ్వరమునకు క్వినైను వాడుటచే చెముడు వచ్చినదని ఆయన జీవితచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. మాటను వినుటకై పోయినవానికి ఆ మాటే చెవులను హరించినది. సొంత సొమ్ముతో సవర బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చి, వాచకములు వ్రాసిరి. సుమారు ముప్పదియైదేండ్ల కృషి పిమ్మట, 1931లో, ఆయన సవర వ్యాకరణ గ్రంథమును మద్రాసు ప్రభుత్వము అచ్చొత్తించెను. తరువాత నిఘంటువులు వచ్చినవి.

ఈ పనిలో మన విద్యార్థులు నేర్చుకొనవలసిన పద్ధతి ఏమి? మొదటిది, చెవి. తెలుగువాని చెవికి సవర మాటలలోని కొన్ని ధ్వనులు పట్టువడవు. గొంతులో గాలిని చటుక్కున బిగించి వదలు ధ్వని సవరలో మాటల యర్థమునే మార్చును. మన యక్షరములలో దానికి గుర్తు లేదు. కొండలలో తిరుగు వర్తకుడు దానిని వినడు. వినకున్నను వాని బేరము సాగును. గిడుగు వారు దానిని విని, గుర్తించి, గుర్తు కల్పించి వ్రాసిరి. రెండవది, వాక్యము. సవరలో కర్మను తెలుపు నామము కుదించిన రూపముతో క్రియలోనే యిమిడిపోవు పద్ధతి గలదు. దున్నను తినుట యనునది వారికి ఒక్కటే క్రియ. చచ్చినవారికై దున్నలను బలియిచ్చు జాతి భాషలో ఇట్టి మాట యుండుట సహజమే యనిపించును గాని, వ్యాకరణము నుండి ఆచారమునకు ఇట్లు దూకుట ప్రమాదకరమని కూడ చెప్పవలయును. గిడుగు వారు దూకలేదు. ఉన్న రూపమును ఉన్నట్లు వ్రాసి ఊరకుండిరి. ఆ నిగ్రహము నేటి పరిశోధకులలో అరుదు.

మూడవది మఱింత ముఖ్యమైనది. లిపి లేని భాషకు వ్యాకరణము లేదని పండితులు తలచు కాలమది. సవర పలుకులో అంత కట్టుదిట్టమైన వ్యాకరణమును స్వయముగా కనుగొన్నవాడు, తన తెలుగింటిలో తన తల్లి పలికిన పలుకునకు వ్యాకరణము లేదన్న మాటను ఎట్లు సహించును? 20వ శతాబ్ది తొలి దశకమున ఆయన ఎత్తిన వాడుక భాషా వాదమునకు కొండమీది సవర పల్లెలు కొంత వఱకు పునాది యని నా యభిప్రాయము. (ఆయనను గూర్చి ఈ తీరు భాషలో వ్రాయుచుండుట చూచిన, బ్రదికియున్నచో నన్నెట్లు ఝాడించెడివారో! పరిశోధన వ్యాసములకు ఈ వేషము ఇంకను వదలలేదు.) క్షేత్రపరిశోధన చేసినవాడు ఇతరులను గూర్చి నేర్చుకొని తనను తాను దిద్దుకొనుట యనగా ఇదియే. మాలినోవ్‌స్కీ శిష్యులు దీనిని తరువాత సిద్ధాంతముగా చెప్పిరి.

అంతమాత్రమున గిడుగు వారిది సంపూర్ణమైన సమాజపరిశోధన యనుట అతిశయోక్తి యగును. ఆయన గురువు రెండు భాషలు వచ్చినవాడు. రెండు భాషలు వచ్చినవాడు రెండు లోకముల నడుమ బ్రదుకువాడు, తఱచుగా బేరముతోనో, కచేరితోనో సంబంధము గలవాడు. కొండ మీద ఒక ముసలామె పొయ్యి యొద్ద పలుకు సవర వేఱు. మన్యమున తిరిగి దానిని సరిచూచుకొనిరి గాని ఆయన గృహము, ఉద్యోగము పర్లాకిమిడిలోనే. ఆయన గ్రంథములు భాషాగ్రంథములు. సవర పల్లెలో ఎవని పోడు ఎవనిది, ఎవని యప్పు ఎవనికి, ఎవనికి ఎవడు మేనమామ అను సంగతులను వానిలో వెదకరాదు. ఆయన కుమారులు సీతాపతి గారు సవరలను, వారి దేశమును గూర్చి ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రికలో వరుసగా వ్యాసములు వ్రాసి ఆ లోటును కొంత తీర్చిరి. ఆ వ్యాసములను నేడెవ్వరును చదువుట లేదు. ఇది విచారింపవలసిన విషయము.

1940వ దశకమున వెరియర్ ఎల్విన్ సవర కొండలకు వచ్చెను. 1955లో ప్రకటించిన ఆయన గ్రంథము సుమారాఱువందల పుటలు. కేవలము మతమునకు సంబంధించినది. గోడలపై పిండితో గీయు బొమ్మలు, కూరనులును కూరన్‌బోయిలును ఆవేశించి పలుకు పలుకులు, రోగమునకు కారణమైన సోనుములకు ఇచ్చు బలులు మున్నగునవి అంత విపులముగ అంతకు ముందెవ్వరును వ్రాయలేదు. సవరలపై ఆయనకు గల ప్రేమ పుటపుటను గన్పట్టును. అయినను సవర భాషపై ఆయనకు సంపూర్ణాధికారము లేదు; దుబాసీల సాయము గొనెను. మాక్ఫర్సన్ నాటి చిక్కు నూఱేండ్ల తరువాతను పూర్తిగా వదలలేదన్నమాట.

ఎల్విన్ గ్రంథమునకు వచ్చిన విమర్శలలో విక్టర్ టర్నర్ వ్రాసినది ప్రత్యేకముగా గమనింపదగినది. ఆఫ్రికాలో న్‌డెంబు జాతి వారిని పరిశీలించిన టర్నర్, 1967లో వెలువడిన ఒక సంకలనమున, ఎల్విన్ ఇచ్చిన సమాచారమునే తీసికొని మరల విశ్లేషించెను. ఆయన ఫిర్యాదు సారాంశమిది: క్రతువులు కొల్లలుగా నున్నవి, కాని ఆ క్రతువు జరిగిన యూర ఎన్ని యిండ్లు, ఏ యింటివానికి ఏ యింటివాడు ఏమగును, బలి పంచుకొన్నవారెవరు, పగ బూనినవారెవరు అను వివరములు లేవు. అవి లేక క్రతువునకు అర్థము చెప్పుట యెట్లు? ఊరి పటము, వంశవృక్షము, ఇంటింటి లెక్క అను మూడును క్షేత్రపరిశోధకుని మొదటి నెల పని. ఎల్విన్ వంటి రసికుడు ఆ నెలను బొమ్మల సొగసునకు సమర్పించెను. టర్నర్ మాటలో సత్యమున్నది. కాని టర్నర్ సవర కొండ నెక్కలేదన్నదియు సత్యమే. ఇంటింటి లెక్క వ్రాసికొని వచ్చి, ఆ యిండ్లలోని దుఃఖమును వినక వెళ్లినవారును మనకు కొత్త కాదు.

ఆ రెండు లోపములను తీర్చుటకు యత్నించినవాడు పియర్స్ విటెబ్‌స్కీ. 1975 నుండి సవర పల్లెలలో నివసించి, భాష నేర్చి, చచ్చినవారు కూరన్‌బోయి నోట పలుకుటను, బ్రదికినవారు వారితో వాదించి, యేడ్చి, తిట్టి, సమాధానపడుటను మాటకు మాట పట్టి వ్రాసెను. 1993లో తొలి గ్రంథము వచ్చెను. ఎల్విన్ వానిని ప్రార్థనలుగా చూచినచోట విటెబ్‌స్కీ సంభాషణలను చూచెను. తేడా సామాన్యమైనది కాదు. ప్రార్థనను ఎవరో ఒకరు చెప్పి వ్రాయింపవచ్చును. తగవులాటను అక్కడ కూర్చుండి, ఆ భాషలో, ఆ బంధుత్వములు తెలిసి వినవలయును. తిరిగి తిరిగి నలుబది యేండ్లు వచ్చుచుండుటచే, ఆ పల్లెల యువకులు బాప్తిస్టు క్రైస్తవులై చచ్చినవారితో మాటాడుట మానుటను కూడ ఆయన చూచెను. 2017 నాటి గ్రంథమున ఆ కథ యున్నది. ఒక్క యేడాది ఉండి వెళ్లినవాడు ఆచారము శాశ్వతమనుకొనును. మరల వచ్చినవానికే మార్పు కనబడును.

ఎఫ్. జి. బెయిలీ 1950వ దశకమున పొరుగు కొండలలోని బిసిపారాలో చేసిన పనిని ఇచట ఒక్క మాటలో చెప్పుదును. ఏ భూమి ఎవని చేతినుండి ఎవని చేతికి ఎందులకు పోయినదో ఇల్లిల్లు తిరిగి తేల్చి, సారా యమ్మకపు కులము ఎట్లు పైకి వచ్చినదో 1957 గ్రంథమున చూపెను. కాగితము మీది కులవ్యవస్థను కాదు, అప్పుపత్రములను, పెండ్లి ఖర్చులను చదివినవాడాతడు. హైదరాబాదు చేరువను శమీర్‌పేటలో 1951–52లో పెక్కుమంది కలిసి చేసిన పనిని ఎస్. సి. దూబే గారు గ్రంథముగా వెలువఱచినది కూడ ఆ దినములలోనే. ఆ గుంపు పద్ధతి వేఱు. దాని మంచిచెడ్డలకు వేఱొక వ్యాసము కావలయును.

పాఠక మహాశయులకు రుచింపని మాట యొకటి యిప్పుడు చెప్పక తప్పదు. సవర కొండలలో తెలుగు ఏ నోట వినబడినది? సంతలో తూకము వేయు వర్తకుని నోట, అప్పిచ్చు సాహుకారు నోట, మఠందారుని నోట, కచేరి బంట్రోతు నోట. ఒడియాదియు ఇంచుమించు అదే స్థితి. గిడుగు వారొక్కరు బడిపలకతో పోయిరి గాని తెలుగు ముఖమునకు కొండమీద గల పరిచయము అంతకు ముందటిది. నేడు మన కుఱ్ఱవాడు ఆంధ్ర విశ్వవిద్యాలయము నుండియో బరంపురము విశ్వవిద్యాలయము నుండియో ప్రశ్నావళి పట్టుకొని పోయి తెలుగులో అడిగినచో, సవర ముసలివాడు ఆ ప్రశ్నలో తాత నాటి యప్పును వినును. ఎంత పంట పండినదని యడిగిన తక్కువ చెప్పును. ఎన్ని దున్నలను కోసితిరని యడిగిన ఏవియు లేవనును. వాడు అబద్ధమాడుట లేదు, జాగ్రత్తపడుచున్నాడు. ఆ జవాబులను పట్టికలలో నెక్కించి శాతములు తీసినంత మాత్రమున అవి శాస్త్రము కాజాలవు. కావున తెలుగు పరిశోధకుడు తన భాషయే తన విచారణలో ఒక అంశమని మొదటి పుటలోనే వ్రాయవలయును.

ఇదే న్యాయము మనకును వర్తించును, మనమును పరిశోధింపబడినవారమే. 1924లో ఫిలిప్, డఫ్ అను ఇద్దరధికారులు గంజామున ఒడియా ప్రజల యభిప్రాయమును విచారింప వచ్చిరి. 1931–32లో ఓడొనెల్ సంఘము సరిహద్దులు తేల్చుటకు వచ్చెను. దానికి ఆధారము 1931 జనగణనలోని మాతృభాషా పట్టిక. గణకుల పక్షపాతమును గూర్చి ఫిర్యాదులు వెలువడెను. గణకుడు నిష్పక్షపాతియే యనుకొందము. ఇంట తెలుగు, బజారున ఒడియా, బడిలో ఇంగ్లీషు మాటాడు బరంపురపు గృహస్థునకు ఒక్క గడి ఇచ్చి అందు ఒక్క మాట వ్రాయుమన్నచో, వ్రాసినది అతని భాషయా, అతడు ఆ దినమున కోరుకొన్న రాష్ట్రమా? సంఘముల యెదుట సాక్ష్యమిచ్చినవారు జమీందారులు, వకీళ్లు, సభలు నడుపువారు. మగ్గము వదలి వచ్చి కూర్చుండుటకు సాలెవానికి తీరిక యెక్కడిది? 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రమేర్పడెను. బరంపురము, పర్లాకిమిడి పట్టణములు అందు చేరెను. గిడుగు వారు ఆ యేట పర్లాకిమిడి వదలి రాజమహేంద్రవరము చేరిరి. ఒక ప్రశ్నను అడుగు తీరు ఎంతటి ఫలితము నీయగలదో మన పట్టణము కంటె బాగుగ ఎఱిగినవారు లేరు.

తప్పు పట్టుటయే కాక పని చూపవలయును. బరంపురమున పట్టు నేయు దేవాంగులను ఇచ్చట దేర యందురు. వారి పెద్దకు దేశిబెహరా యని పేరు. రెండేండ్ల కొకసారి బుఢీ ఠాకురాణి తన గుడి వదలి దేశిబెహరా వీథిలోని తాత్కాలికాలయమునకు వచ్చును; ఆడబిడ్డ పుట్టింటికి వచ్చినదని భావన. నెలకు తక్కువగాక సాగు ఆ యాత్రలో రాత్రులు ఘటములు ఊరేగును. మ్రొక్కుబడివారు నానా వేషములు వేయుదురు. వేషముల ఫోటోలు కొల్లలు. వ్యాసములును గలవు. కాని తెలుగు కుటుంబముల ఆడబిడ్డగా దేవత ఒడియా పట్టణమంతటికి అమ్మయై నిలుచుట యెట్లు సంభవించినది? ఆ నెలలో ఏ యింట ఏ భాషలో ఆమెను పిలుతురు? ఘట మెత్తు వంతు ఎవరిది, ఖర్చెవరిది, మగ్గము మూసిన యింటివాడు ఆ ఖర్చు నెట్లు భరించును? వీనికి జవాబులు యాత్ర నాడు నోటుబుక్కుతో నిలిచినవానికి దొరకవు. యాత్ర లేని యేడు ఆ వీథిలో కాపురముండవలయును. మొదట వీథి పటము గీసి, ఇంటింటికి మనుష్యులను, మగ్గములను, మాటాడు భాషలను వేఱువేఱుగా వ్రాసికొనవలయును. తల్లి బిడ్డతో ఏ భాష, బిడ్డ తల్లికి ఏ భాష జవాబు, అంగడిలో ఏది, పూజలో ఏది, తిట్టునప్పుడు ఏది? జనగణనలోని ఒక్క గడికి బదులుగా ఇట్టి యైదాఱు ప్రశ్నలను ఒక్క వీథిలో నిజాయితీగా అడిగి చూచిన, బరంపురపు తెలుగు మిగిలినదా పోయినదా యను మన సభల తర్జనభర్జనకు ఆధారమేర్పడును. ఊరిపెద్దను వెంటబెట్టుకొని పోరాదు. ఆయన యున్నచోట ఆడవారు మాటాడరు. ఈ పనికి ఆడపిల్లలే తగుదురని నా యనుమానము, వీథికుళాయి యొద్ద వినబడు తెలుగు మగవాని నోటుబుక్కున కందదు గనుక.

వ్రాసినదానిని చెప్పినవారికి తిరిగి చదివి వినిపించుట యను మఱియొక పద్ధతి గలదు. తప్పున్న దిద్దుదురు, వద్దన్నదానిని కొట్టివేయవలయును. తెలుగు, ఒడియా వీథులలో ఇది సులభము. సవరల విషయమున మాత్రము ఏ లిపిలో వ్రాసి యియ్యవలయునన్న చిక్కు వెంటనే వచ్చును. గిడుగు వారి తొలి వాచకములు తెలుగు లిపిలో వెలువడినవి. ఆంధ్రదేశపు బడులలో నేడును సవర వాచకములకు తెలుగు లిపియే. ఒడిశా వైపు ఒడియా లిపి. క్రైస్తవ పల్లెలలో రోమను లిపి. 1936లోనే, సరిహద్దు గీచిన ఆ యేటనే, మంగేయి గొమాంగో సొరంగ్ సొంపెంగ్ అను ప్రత్యేక లిపిని కల్పించెను. ఆయన మార్గమున నడుచువారికి ఆ యక్షరములే దేవతాస్వరూపములు. కొండ యెక్కు పరిశోధకుడు ఏ యింట ఏ లిపి యను సంగతిని కూడ తన యింటింటి లెక్కలో మొదటి నెలలోనే చేర్చుకొని, ఆ లిపిలో వ్రాసిన ప్రతిని ఆ యింటనే వదలి రావలయును.